వణికితే సంతకం పెట్టాలి

మా మాస్టారి ఎదుట ఏదీ వణకకూడదు. మనిషైనా సరే, మిక్సీ అయినా సరే. వణికిందా, ఆయన దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టి, చంకలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసి రాసుకుంటారు. రాసుకుని ఊరుకుంటే బాగానే ఉండును. చుట్టుపక్కల ఎవరుంటే వాళ్ల చేత సంతకం కూడా పెట్టిస్తారు. "తేదీ, టైము, సంతకం. ఈ మూడూ లేని వణుకు గాలికి పోయిన వణుకోయ్" అన్నది ఆయన నిత్యపారాయణం.

మాస్టారు అన్నామని ఆయన ఏ బళ్లోనో పాఠాలు చెప్పారనుకునేరు. టీవీకి తగిలించి ఆడుకునే ఆటలుంటాయి కదా, వాటికి రెండు చేతులతో పట్టుకునే కంట్రోలర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఆయన వణుకు విభాగానికి పెద్ద. ఆటలో కారు గోడకు గుద్దుకుంటే ఆడేవాడి అరచేతుల్లో గుర్రుమనాలి. ఆ గుర్రు మా విభాగం సరుకు. నేను సైన్సులో పెద్ద చదువు చదివి చేరింది ఆ గుర్రులోనే. మా అత్తయ్యకి మాత్రం ఇప్పటికీ ఫోన్లు బాగుచేస్తాననే చెప్పుకుంటున్నాం.

నేను ఇంటర్వ్యూకి వెళ్లిన రోజు నా మోకాళ్లు రెండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి. మేనేజరు నా మార్కుల కాగితాలు తిరగేస్తున్నాడు. పక్కనున్న పెద్దాయన బల్ల మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు. ధ్యానం కాబోలు అనుకున్నాను.

"సెకనుకి ఆరు. బల్ల కాలు గుండా వస్తోంది. ఎవరిది బాబూ?"

"నాదేనండీ. క్షమించండి."

"క్షమించడమేమిటోయ్! శుభ్రమైన వణుకు. ఎక్కడా తడబాటు లేదు. ఇదుగో, సంతకం పెట్టు."

ఉద్యోగ పత్రమేమోనని సంబరంగా పెట్టేశాను. తర్వాత చూస్తే "మోకాళ్లు, జత ఒకటి" అని ఉంది.

ఆయన దగ్గర వణుకుల్లో కులభేదాలు లేవు గానీ, జాతులున్నాయి. "చలికి వణుకుతాం. లారీ పోతే కిటికీ అదురుతుంది. తడి వేలు మెడకి తగిలితే ఒళ్లు జలదరిస్తుంది. పై అధికారి పిలిస్తే గుండె దడదడలాడుతుంది. నాలుగూ నాలుగు రకాలోయ్. అన్నిటికీ ఒకటే మోటారు పెట్టి గుర్రుమనిపిస్తే అది కంట్రోలరు కాదు, కందిరీగ" అనేవారు. ఒకసారి వాళ్లింటికి వెళ్తే ఆయన భార్య నాతో చెప్పుకుని వాపోయింది.

"కోపంతో ఒళ్లంతా అదిరిపోతూ నేను తిడుతున్నానా, ఈయన నా మోచేతి మీద వేలు పెట్టి లెక్కపెట్టారు బాబూ!"

"మీరు సంతకం పెట్టారా పిన్నిగారూ?"

"పెట్టక? పెడితే గానీ భోజనానికి లేవనన్నారు. పైగా, 'ఇంకొంచెం తిట్టు, సగటు తీస్తాను' అని."

పుస్తకంలో ప్రతి పేజీ అడుగునా రెండు గళ్లుండేవి. పైది ‘కనిపెట్టినవారు’, కిందది ‘సాక్షి’. కొత్తది ఏదైనా పుడితే అది ఎవరి బుర్రలో పుట్టిందో, పుడుతుండగా చూసిందెవరో రేపు తగాదా వస్తే తేలాలని ఆ ఏర్పాటు. మాస్టారికి మాత్రం ఆ రెండు గళ్ల దగ్గర ఎప్పుడూ తికమకే. సాక్షిగా రమ్మని పిలిచినవాళ్ల చేత కనిపెట్టినవారి గడిలో పెట్టించేవారు. తను వెళ్లి సాక్షి గడిలో పెట్టుకునేవారు.

"మాస్టారూ, నేను ఊరికే చూశానండీ. ఇది కనిపెట్టినవాళ్ల గడి" అని నేను చెప్పని రోజు లేదు.

"కళ్లజోడు లేదోయ్. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ గీకు."

కళ్లజోడు ఆయన మెడలోనే దారానికి వేలాడుతూ ఉండేది. పెద్దాయన మెడలోది పెద్దాయనకి గుర్తుచేయడం మర్యాద కాదని గీకేసేవాణ్ని. ఆ లెక్కన మా టీ అక్క ట్రేలో కప్పుల గలగలని కనిపెట్టింది. టంకాలు వేసే అమ్మాయి తన స్కూటరు అదురుని కనిపెట్టింది. పెట్టెలు కట్టే తాత వయసు మీదపడి వణికే తన చేతులనే కనిపెట్టుకున్నాడు.

ఇలా మా వణుకులేవో మేం వణుక్కుంటూ ఉండగా ఒక పెద్ద కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. ఎంత పెద్దదంటే, వాళ్ల నోటీసు పెట్టిన కవరే మా ఆఫీసు తలుపు కంటే దర్జాగా ఉంది. "చేతబట్టదగిన వినోద పరికరమునందు, ఆట యొక్క స్థితిని అనుసరించి హెచ్చుతగ్గులగు వణుకు" తమ సొత్తట. తేదీ, నంబరు, ముద్రతో సహా పేటెంటు ఉందట. మా కంట్రోలర్లు వణకడం వెంటనే మానాలట, లేదా కంపెనీయే మూసుకోవాలట. లోకంలో ఇంతకాలం అందరూ ఉచితంగా వణికారు. ఇలాగే పోతే రేపు ఒకడు ఎక్కిళ్ల మీద, ఇంకొకడు ఆవలింత మీద హక్కు రాయించుకుంటాడు. పసిపిల్ల ఆవలిస్తే తల్లిదండ్రులకి నోటీసు.

మేనేజరు ఆ కాగితం నిలబడి చదువుతుంటే చేతిలో టపటపా కొట్టుకుంది. మాస్టారు అప్పటికే పుస్తకం తీశారు.

"సెకనుకి తొమ్మిది. పేజీ తిప్పినకొద్దీ పెరుగుతోంది. జాగ్రత్త సార్, స్థితిని అనుసరించి హెచ్చుతగ్గులవుతున్నారు. వాళ్ల పేటెంటు కిందికొస్తారేమో."

"మాస్టారూ, ఇప్పుడా హాస్యాలు?"

"హాస్యం కాదు, ఆధారం. సంతకం పెడతారా?"

"నాకు టైం లేదు!"

మాస్టారు నొచ్చుకోలేదు. ఆ పేజీలో గడి ఖాళీగా వదిలేసి పుస్తకం మూశారు.

మధ్యవర్తి ముందు విచారణకి రెండు నెలలు గడువు. ఈలోగా వాళ్ల పేటెంటుకి దొరకని కొత్త రకం గుర్రు ఏదైనా కనిపెట్టాలి. కేసు ఖర్చు మోయాలంటే నలుగురిని తగ్గించాలని కూడా పైనుంచి మాట వచ్చింది. మేనేజరు ఆ నాలుగు పేర్లూ ఒక పసుపు చీటీ మీద రాసి బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. బల్ల అద్దం కింద పెట్టిన రహస్యం టీ కప్పు పెట్టే మనిషికి కనపడకుండా ఉంటుందా? సాయంత్రానికల్లా అక్క మాకందరికీ చదివి వినిపించింది.

"అడుగున నా పేరుంది. దానిపైన తాత. ఆ పైన టంకాల పిల్ల. అన్నిటికంటే పైన ఎవరో చెప్పనా తమ్ముడూ?"

చెప్పక్కర్లేదు. పాప పుట్టి ఐదు నెలలు. అప్పటినుంచి నేను ఆఫీసుకి టైముకి వచ్చిన రోజు లేదు. వచ్చిన రోజున మెలకువగా ఉన్నది లేదు. నేనూ సైన్సు, మా ఆవిడా సైన్సు. ఇద్దరు సైన్సువాళ్లు కలిసి ఒక బిడ్డని పెంచితే ఆ బిడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. మా ఇంట్లో రెండు థర్మామీటర్లుండేవి, మొదటిది అబద్ధం చెబితే రెండోదానితో పట్టుకోవడానికి. రెండూ వేరువేరు అంకెలు చూపిస్తే మూడోది కొనాలా అని చర్చ నడుస్తోంది. తుమ్ములకి పట్టిక ఉంది. పాప నిద్రపోతే ఊపిరి లెక్కపెట్టడానికి నేను దగ్గరగా వంగడం, నా గడ్డం గుచ్చుకుని అది లేవడం, లేచినందుకు మా ఆవిడ నన్ను చూసే చూపు, ఇవన్నీ రోజూ జరిగేవే. ఇప్పుడు ఉద్యోగం కూడా పోతే ఆ పట్టికలో తుమ్ములు రాసే పెన్నుకి రీఫిల్లు ఎక్కడినుంచి వస్తుందన్నది నా బెంగ.

ఒక రోజు మా ఆవిడకి ఆస్పత్రి ల్యాబులో డ్యూటీ. అత్తయ్యకి కంటి పరీక్ష. పాపని ఆఫీసుకి తెచ్చాను. పరీక్ష గదిలో మోటార్ల మధ్య దుప్పటి పరిచి పడుకోబెట్టానో లేదో, గదిలో ఉన్న మీటర్ల ముళ్లన్నీ అటు చివరిదాకా వెళ్లేలా ఏడుపు లంకించుకుంది. భుజాన వేసుకుని వీపు మీద తడుతూ నిలబడ్డాను. మాస్టారు పరుగున వచ్చి నా చేతి మీద తన చెయ్యి ఆనించారు. కళ్లు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు.

"ఏం చేస్తున్నావోయ్?"

"జోకొడుతున్నానండీ."

"ఇది వణుకు కాదు."

"కాదండీ."

"అదురూ కాదు. వణుకైతే ఆగదు. ఇది పడుతోంది, ఆగుతోంది, మళ్లీ పడుతోంది. అందరం మోటారు ఎలా తిప్పాలా అని చచ్చాం. ఎలా ఆపాలా అని ఒక్కడూ చూడలేదు. ఆగడంలో ఉందోయ్ కిటుకు!"

టీ అక్క తలుపు దగ్గర ట్రేతో నిలబడి అంతా చూస్తోంది.

"ఆ కొట్టడమేంటి తమ్ముడూ, తలుపు కొట్టినట్టు? బిడ్డ ఒళ్లు వదిలేస్తున్నకొద్దీ నీ చెయ్యి కూడా నెమ్మదించాలి. ఒక్కసారిగా ఆపావా, మొదటికొస్తుంది."

"అక్కా, మళ్లీ చెప్పు" అన్నారు మాస్టారు, పెన్ను మూత పళ్లతో లాగుతూ.

అంతే. ఆ వారమంతా మా విభాగంలో ఎవరూ వణకలేదు, జోకొట్టారు. మోటారు గిరగిరా తిరక్కుండా లోపలి గోడకి మెత్తగా తట్టేలా టంకాల అమ్మాయి దాన్ని అడ్డంగా అతికించింది. ఆడేవాడి పట్టు సడలుతున్నకొద్దీ తట్టుకీ తట్టుకీ మధ్య ఎడం పెరిగేలా నేను లెక్క కట్టాను. తాత పట్టుకుని చూసి, "నా చేతులు ఎలాగూ వణుకుతూనే ఉంటాయి గదా బాబూ, అయినా ఇది వేరేగా తెలుస్తోంది. ఎవరో చెయ్యి వేసినట్టుంది" అన్నాడు. అన్నదే తడవు, అందరికీ సంతకాలు. అన్నీ పై గడిలో.

చివర్న మాస్టారు స్టాంపు ప్యాడు తెరిచి పాప అరచెయ్యి అందులో అద్దబోయారు.

"మాస్టారూ! ఆ సిరాలో ఏముంటుందో! నోట్లో పెట్టుకుంటుందండీ!"

"చదువుకో" అని డబ్బా నా చేతికిచ్చారు. దాని మీద ఎనిమిది పేర్లున్నాయి. వాటిలో ఏడు నాకు తెలుసు, ఎనిమిదోది తెలియదు. నేను ఆ ఎనిమిదోదాని గురించి పుస్తకాలు తిరగేస్తుంటే, అక్క పాప చేతికి బీట్‌రూట్ ముక్క రుద్దేసింది. ‘కనిపెట్టినవారు’ గడిలో రేగుపండంత అరచెయ్యి ఎర్రగా పడింది. దాని పక్కన చొంగ చుక్క ఒకటి. మాస్టారు దాని చుట్టూ గుండ్రంగా గీసి, "ఇదీ ఈవిడదే" అని రాశారు.

విచారణకి మాస్టారూ, మా కంపెనీ లాయరమ్మా, కంట్రోలరు పెట్టె మోస్తూ నేనూ వెళ్లాం. పెద్ద కంపెనీ తరఫున ఏడుగురు వచ్చారు. ఒకాయన మాట్లాడతాడు, మిగతా ఆరుగురూ ఆయన మాట్లాడింది నిజమే అన్నట్టు తలలూపుతారు. మధ్యవర్తి జడ్జీగా రిటైరైన పెద్దాయన. మాస్టారు కూర్చుంటూనే బల్ల మీద చెయ్యి పెట్టి, "ఏసీ. సెకనుకి యాభై" అన్నారు. లాయరమ్మ ఆయన చెయ్యి లాగి ఒళ్లో పెట్టింది.

అవతలి లాయరు లేచాడు. "పేటెంటులో ‘వణుకు’ అని స్పష్టంగా ఉంది. మీ పరికరం వణకడం లేదంటారా?"

"లేదండీ. జోకొడుతోంది."

"మాటలతో ఆడుకోకండి. లోపల మోటారు తిరుగుతోందా, లేదా?"

"మీ నెత్తిన ఏసీలో కూడా తిరుగుతోంది. అదీ మీదేనా?"

ఆరుగురూ అలవాటుగా తలలూపారు.

"అయ్యా!" లాయరు మధ్యవర్తి వైపు తిరిగాడు. "వణుకైనా, అదురైనా, ఆయనగారి జో అయినా అన్నీ ఒక్కటే. పేరు మార్చినంత మాత్రాన..."

"ఒక్కటేనా?" అన్నారు మాస్టారు. "మీ అమ్మగారు మిమ్మల్ని చిన్నప్పుడు ఒళ్లో వేసుకుని వణికించారా, జోకొట్టారా?"

అవతలి లాయరు, వాళ్లమ్మ గుర్తొచ్చిందేమో, మెల్లగా కూర్చున్నాడు. మధ్యవర్తి చెయ్యి చాపి, "ఏదీ, ఆ పరికరం ఇటివ్వండి. మాటలెందుకు, చూస్తే పోతుంది" అన్నారు.

రెండు చేతులా పట్టుకున్నారు. మొదటి నిమిషం కనుబొమ్మలు పైకెత్తారు. రెండో నిమిషం కుర్చీలో వెనక్కి వాలారు. మూడో నిమిషం వేళ్లు సడలాయి. కంట్రోలరు అక్క చెప్పినట్టే నెమ్మదించింది. నాలుగో నిమిషం నిండకుండానే ఆ గదిలో వినబడుతున్నది రెండే శబ్దాలు. ఒకటి ఏసీ. రెండోది ఏ పేటెంటులోనూ లేనిది.

"అయ్యా?" అన్నాడు లాయరు మెల్లగా.

"ష్! లేస్తారు" అన్నాను నేను. ఏడు నెలల అలవాటు.

మాస్టారు గడియారం చూసి, పుస్తకం తెరిచి, మునివేళ్ల మీద నడుచుకుంటూ అవతలి లాయరు దగ్గరికి వెళ్లారు. "మూడు నిమిషాల నలభై సెకన్లు. మీరూ చూశారుగా. సంతకం పెట్టండి" అన్నారు గుసగుసగా. కాగితం ముందుకొస్తే సంతకం పెట్టడం ఆ వృత్తిలో ఒంటికి పట్టిపోతుంది కాబోలు, ఆయన పెట్టేశాడు. పెట్టాక తల పట్టుకున్నాడు. ఆరుగురూ తలలూపారు.

నేను చూసింది మాత్రం ఇంకొకటి. మాస్టారి కళ్లజోడు మెడలోనే వేలాడుతోంది. కళ్లకి లేదు. అయినా ఆయన వేలు తిన్నగా వెళ్లి ఆనింది ‘సాక్షి’ గడి మీద. వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాలేదు.

మధ్యవర్తి లేచి, తాను కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నానని చెప్పారు. ఇది మామూలు వణుకు కాదనే తనకి ప్రాథమికంగా అనిపిస్తోందని, అయితే తేల్చాలంటే దీన్ని కనిపెట్టిన ప్రతి ఒక్కరినీ స్వయంగా విచారించాలని, ఎనిమిది నెలల తర్వాతికి వాయిదా వేశారు. కంట్రోలరు మాత్రం ఆధారంగా తన దగ్గరే ఉండాలన్నారు.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి మేనేజరు పసుపు చీటీ పట్టుకుని తయారుగా ఉన్నాడు. లాయరమ్మ ఆ చీటీని ఒక చేత్తో, ఎర్ర పుస్తకాన్ని ఇంకో చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"ఈ నలుగురినీ తీయడానికి వీల్లేదు."

"అదేమిటి మేడమ్? పైనుంచి మాట వచ్చింది."

"కనిపెట్టినవాళ్ల గడిలో వీళ్ల సంతకాలున్నాయి. ఇవాళ బయటికి పంపితే రేపు విచారణలో అవతలివాళ్ల పక్కన కూర్చుని టీ తాగుతూ ఉంటారు. కేసు తేలేదాకా వీళ్లని పువ్వుల్లో పెట్టి చూసుకోవాలి."

"కేసు ఎప్పటికి తేలుతుంది?"

"ఇలాంటివి పదేళ్లకి తక్కువ తేలిన జ్ఞాపకం నాకు లేదు."

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. లాయరమ్మ బీరువాలో ఉన్న పాత ఎర్ర పుస్తకాలన్నీ తీయించింది. తన చేతిలోదానితో కలిపి మొత్తం ఏడు. ప్రతి దాంట్లోనూ పై గడి నిండా జనమే. వాచ్‌మన్ ఉన్నాడు, ఊడ్చే ఆమె ఉంది, పోయినేడు తీసేద్దామని తీయలేకపోయిన ముగ్గురూ ఉన్నారు.

"చిత్రమేమిటంటే" అంది లాయరమ్మ, "ఏడు పుస్తకాల్లో ఈయన పేరు కనిపెట్టినవారి గడిలో ఒక్కచోటా లేదు. అన్నిట్లోనూ సాక్షే."

"అవునమ్మా" అంది టీ అక్క కప్పులు సర్దుతూ. "వీళ్లంతా కనిపెట్టారు. ఆయన వీళ్లని కనిపెట్టుకుని ఉన్నాడు."

మేనేజరు ఏడో పుస్తకం మొదటినుంచి చివరిదాకా, చివరినుంచి మొదటిదాకా తిరగేశాడు. అప్పుడు తట్టినట్టుంది, అందులో తన పేరు ఎక్కడా లేదని. "మాస్టారూ," అన్నాడు, "నేను కూడా ఎప్పుడైనా... కాస్తో కూస్తో... ఏదైనా కనిపెట్టానంటారా?"

మాస్టారు పుస్తకం అందుకుని, నోటీసు వచ్చిన రోజు పేజీ తీశారు. "సెకనుకి తొమ్మిది సార్. చాలా మంచి రకం. గడి మీ కోసమే ఖాళీగా ఉంది. ఇప్పుడు టైం ఉందా?"

మొన్న మా ఇంటికి రిజిస్టర్డు కవరు వచ్చింది. "ఆవిష్కర్త నంబరు ఐదు గారు విచారణకు స్వయంగా హాజరై, సంబంధిత పరిజ్ఞానమును వివరించవలసినది" అని పాపకి తాఖీదు. వెంట సంరక్షకుడు ఉండవచ్చునట. విచారణ నాటికి పాపకి దవడ పళ్లొస్తాయి, జ్వరం తగులుతుందేమో, అక్కడి ఏసీ పడుతుందో లేదో, పైగా ప్రశ్నలడిగే ఆయన మీద చొంగ కారిస్తే అది ఆధారం కింద జమ కడతారేమో. ఇన్ని ఆలోచనలతో ఆ కాగితం పట్టుకుని మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. అది చూపించాక, ఇన్నాళ్లుగా నోటిదాకా వచ్చి ఆగుతున్న ప్రశ్న కూడా అడిగేశాను.

"మాస్టారూ, ఆ రోజు అవతలి లాయరుకి సరైన గడి ఎలా చూపించగలిగారండీ? కళ్లజోడు లేకుండా?"

ఆయన నా మొహం వంక చూడలేదు. నా చేతిలో కాగితం వంక చూశారు. అరచెయ్యి ఆనించారు. కళ్లు మూసుకున్నారు.

"సెకనుకి ఏడు. ఇంటర్వ్యూ నాటికంటే ఒకటి పెరిగిందోయ్. సంతకం పెట్టు."

పెన్ను తీసుకున్నాను. "ఈసారైనా నన్ను సాక్షి గడిలో పెట్టనివ్వండి మాస్టారూ."

"అది నా గడి" అన్నారాయన, మెడలో కళ్లజోడు సవరించుకుంటూ. "నువ్వు పైన పెట్టు."